కాలెత్తిన గుర్రం

గాజు పలకతో సహా ఫోటోని నీళ్ళ పళ్ళెంలోకి దించుతూ, "గంట నానాలి పాపా," అన్నాడు స్టూడియో ఆయన, మాసిన బట్టలు నానేసినంత తేలిగ్గా. ఆ పిల్ల తలూపింది. తలూపడం ఆ పిల్లకి బాగా వచ్చిన పని. నీళ్ళు ముందు గుర్రం తోక మీదికి పాకాయి, తర్వాత వెనక కాళ్ళు, పొట్ట, గాల్లోకి ఎత్తిన ముందుకాలు, చివరికి రాతి దిమ్మ పక్కన వంగి నిలబడ్డ చిన్న మనిషి, ఒకరి తర్వాత ఒకరు మునిగారు. వాళ్ళెవరూ ఊపిరి బిగపట్టినట్టు లేరు, బిగపట్టింది తనే. నలభై ఏళ్ళ కిందటి ఫోటో అది. ఎప్పుడో గోడలో చెమ్మ దిగి బొమ్మ గాజుకి అతుక్కుపోయింది, గుర్రం కాళ్ళున్న చోట మరీ గట్టిగా. "అక్కడ మాత్రం రాదు, గాజుకే ఉండిపోతుంది," అని వేలితో చూపించాడు ఆయన. "పోతే పోనీలే, మనకి కావలసింది గుర్రం కాదు కదా. మీ నాయనమ్మ మొహం బయటపడితే చాలని మీ నాన్న ఫోన్‌లో మరీ మరీ చెప్పాడు." ఆ పిల్ల మళ్ళీ తలూపింది. ఆయన ఒక భూతద్దం ఆ పిల్ల చేతిలో పెట్టి, అంచులు లేస్తే కేకెయ్యమని, లేవని చోట బ్లేడు పెడదామని చెప్పి ముందు గదిలోకి వెళ్ళిపోయాడు. కేకెయ్యాలట. తను కేకేసి ఎన్నాళ్ళయిందో ఆ పిల్లకే గుర్తు లేదు.

స్టూలు ఎత్తుగా ఉంది. కుడికాలు మడిచి కింద పెట్టుకుని కూర్చుంది. అలా కూర్చుంటే నాయనమ్మ ఊరుకునేది కాదు, తిమ్మిరెక్కుతుందే, తర్వాత కుంటుతావే అని అరిచేది, వీధి చివరి దాకా వినపడేలా. గదిలో ఏదో మందు వాసన, తడి కాగితం వాసన. తీగ మీద క్లిప్పులకి ఎవరెవరివో మొహాలు ఆరుతున్నాయి, అందరూ ఒకే పిచ్చుకని చూస్తున్నట్టు ఒకే వైపు చూస్తున్నారు. కంప్యూటర్ తెర మీద ఒకాయన తల మాత్రమే ఉంది, మెడ కింద ఏమీ లేదు, ఇంకా కోటు తొడగలేదు కాబోలు. ఇక్కడ ఎంత తేలికో, ఒకరి తలకి ఇంకొకరి కోటు. నాన్న మధ్యాహ్నం అదే చెప్పాడు, తాతయ్య పడుకున్నాక గోడ మీంచి ఫోటో దించుతూ, "మొహం మీది చెమ్మ మచ్చ కింద ముక్కు గీత దొరికినా చాలు, మిగతాది కార్డులోంచి తీసి కలుపుతారట." గుర్తింపు కార్డులో నాయనమ్మ బొటనవేలంత ఉంటుంది, ఎవరో తిట్టి కూర్చోబెట్టినట్టు మూతి బిగించి ఉంటుంది. నాయనమ్మని తిట్టి కూర్చోబెట్టే మనిషి ఈ భూమ్మీద పుట్టలేదు. అంతకు మించి ఆవిడ ఫోటో ఇంట్లో ఇంకొకటి లేదు. "నాకు మా అమ్మ మొహం గుర్తొస్తోంది గానీ కదలకుండా నిలబడట్లేదే," అన్నాడు నాన్న మొన్న ఉన్నట్టుండి, చొక్కా గుండీ పెట్టుకుంటూ. పెద్దవాళ్ళు కూడా అలా అంటారని ఆ పిల్లకి తెలీదు. అందుకే అప్పుడు, తాతయ్యకి చెప్పావా నాన్నా, అని అడగాలనుకున్న మాట గొంతులోనే ఉండిపోయింది. అది అక్కడే ఉంది ఇంకా. బస్సులో వచ్చింది, ఈ స్టూలు ఎక్కింది, ఆ పిల్లతో పాటు పళ్ళెంలోకి చూస్తోంది.

తాతయ్య మధ్యాహ్నం పడుకుంటే అయిదింటికి లేస్తాడు. లేచి, మొహం కడుక్కోక ముందే, మంచం మీంచే గోడ వైపు చూస్తాడు. మూడు నెలలుగా ఆయన చేస్తున్న పనుల్లో రోజూ తప్పనిది అదొక్కటే. మాట లేదు. నాయనమ్మ పోయిన రోజు నుంచీ నోరు కట్టేసుకున్నాడు. అన్నం పెడితే తింటాడు, పెట్టకపోతే అడగడు. ఇవాళ లేచి చూస్తే గోడ మీద మేకు ఉంటుంది, నలుచదరంగా తెల్లటి సున్నం ఉంటుంది. తను నాలుగూ నలభై బస్సు అందుకుంటే అయిదుకి ఇల్లు చేరుతుంది, కానీ చేరి ఏం తగిలిస్తుంది? గుర్రం ఊడిపోయిన గుర్రం ఫోటోనా?

ముందు గదిలో ఎవరో పసిపాపని ఫోటోకి కూర్చోబెట్టినట్టున్నారు. "ఇటు చూడు బుజ్జీ, ఇటు, ఇటు! అయ్యో, అటు కాదే తల్లీ, అక్కడ ఏముంది గోడ తప్ప!" "గోడే నచ్చిందండీ దానికి, వాళ్ళ నాన్న పోలిక," అంటోంది తల్లి. నవ్వులు. ఈ ఫోటో గురించి ఇంట్లో ఇలాగే నవ్వుకునేవాళ్ళు. ఎవరు కొత్తగా వచ్చినా అత్త వాళ్ళని గోడ దగ్గరికి లాక్కెళ్ళి చూపించేది, నాన్నకి అక్క కాబట్టి ఇంట్లో ఏ నవ్వుకైనా ఆవిడకి హక్కుంది. "చూశారా మా నాన్న పనితనం! దొరకి నడుం పైన లేదు, మా అమ్మకి మొహం లేదు, గుర్రానికి మాత్రం వెంట్రుక కూడా తగ్గలేదు." నిజమే. పట్నం చౌరస్తాలో కంచు విగ్రహం అది, గుర్రం మీద కూర్చున్నది ఏ రాజో ఏ సేనాపతో ఎవరికీ తెలీదు, ఫోటోలో ఆయన బూట్లూ, అవి ఆనిన రికాబూ మాత్రమే పడ్డాయి, అందుకని ఇంట్లో ఆయన పేరు బూట్ల దొర. కింద దిమ్మ పక్కన నాయనమ్మ గుప్పెడంత. ఒక చెయ్యి రాతికి ఆనించి, ముందుకి వంగి, తల దించుకుని ఉంటుంది. తల ఉన్న చోట తెల్లగా చెమ్మ మచ్చ. సరుకుల గుర్రపు బళ్ళు పోయి లారీలు వచ్చిన ఏడాది, పట్నంలో ఏదైనా పని దొరుకుతుందేమోనని ఇద్దరూ వెళ్ళారట, పని దొరకలేదు, రైలు టైమయ్యేదాకా చౌరస్తాల్లో తిరిగారట. తాతయ్య బావమరిదిని బతిమాలి తెచ్చుకున్న కెమెరా అది. రీలంతా వెలుతురు తగిలి పాడైపోగా ఇదొక్కటే బతికింది. బతికిందాంట్లో కూడా గుర్రం కాళ్ళే.

కాళ్ళు కాకపోతే ఆయన ఏం తీస్తాడు, అనేవాడు నాన్న. తాతయ్య గుర్రాల గిట్టలకి ఇనప నాడాలు కొట్టేవాడు. చిన్నప్పటి నుంచీ చేతులు మొరాయించేదాకా అదే పని. వీధిలో ఇప్పటికీ గుర్రాల తాత అనే పిలుస్తారు, ఆ వీధిలోకి గుర్రం వచ్చి ఎన్నేళ్ళయినా. జొరబడ్డ దొంగనైనా కాళ్ళు చూసి పోల్చేవాడు గానీ మొహం అడిగితే చెప్పలేడు. ఆ పిల్ల బడి నుంచి వస్తుంటే తల ఎత్తకుండానే, "ఎడమ మడమ నొక్కి నడుస్తున్నావు, ఏమైంది?" అనేవాడు. ఏమైందో చెప్పక్కర్లేదు, ఆయనే చూసి ముల్లు తీసేసేవాడు. ఆ పిల్లకి తాతయ్య దగ్గర హాయిగా ఉండేది అందుకే, మొహంలోకి చూసి మాట్లాడమనని మనిషి ఇంట్లో ఆయనొక్కడే. గుర్రం దగ్గరికి వెళ్ళి ముందు భుజం మీద చెయ్యి వేసేవాడట, ఆ చేతిని అలా కిందికి జార్చుకుంటూ వచ్చి, మోకాలి దగ్గర ఆపి, మెల్లిగా, "ఎత్తు బంగారం," అనేవాడట. ఎంత పొగరుమోతు గుర్రమైనా కాలెత్తి ఆయన ఒళ్ళో పెట్టేదట. మనుషులతో అంత మెత్తగా మాట్లాడగా ఎవరూ వినలేదు. ఈ ఫోటో మీద ఆయనకి ఉన్న ఫిర్యాదు కూడా కాళ్ళ గురించే, మాట ఉన్న రోజుల్లో కనీసం వందసార్లు చెప్పి ఉంటాడు, "అంత ఖర్చు పెట్టి పోత పోసి, నాడాలు మర్చిపోయాడు చూడు! రాళ్ళ రోడ్డు మీద వట్టి గిట్టలతో నాలుగు రోజులు నడవదు. చేసినవాడికి గుర్రం తెలుసు, నడక తెలీదు." ఎత్తిన కాలి కింది భాగం ఫోటోలో స్పష్టంగా కనిపిస్తుంది, నున్నగా, బోడిగా. ఆ సంగతి సాక్ష్యంతో సహా స్నేహితులకి చూపించడానికే ఆయన ఆ ఫోటో తీశాడని ఇంట్లో అందరి నమ్మకం.

పళ్ళెంలో చిన్న బుడగ లేచి పగిలింది. అంచు లేచిందా? భూతద్దం పెట్టి చూసింది. తోక చివర కాగితం కాస్త ఉబ్బింది. కేకెయ్యాలి. వెయ్యలేదు. ఇంకో నిమిషం చూద్దాం. ఎప్పుడూ ఇంతే, ఇంకో నిమిషం చూద్దాం అనుకుంటుంది, ఆ నిమిషంలో పని ఎవరో ఒకరు చేసేస్తారు. బడిలో జవాబు తెలిసినా చెయ్యి లేవదు, పక్కనున్నది లేచి చెప్పేస్తుంది. బస్సు దిగాల్సిన చోట ఆపమని అనలేక తర్వాతి స్టాపు నుంచి వెనక్కి నడిచొచ్చిన రోజులు ఎన్నో. నాయనమ్మ ఉన్నప్పుడు ఆ బాధ లేదు, మొత్తం బస్సు ఉలిక్కిపడేలా ఆవిడే అరిచేది. కొట్లోకి తీసుకెళ్ళి, "అడగవే, నోట్లో ఏం పెట్టుకున్నావు, బెల్లం ముక్కా?" అని ఒక్క క్షణం ఆగి, తనే అడిగేసేది. అలాంటి నాయనమ్మ ఒకప్పుడు తనలాగే సిగ్గుపడిందని చెప్పింది అత్త. ఈ ఫోటో చూపించే చెప్పింది. "చూడు, కెమెరా పెట్టగానే మీ నాయనమ్మ ఎలా తల దించేసుకుందో. అచ్చం నువ్వే." అప్పటి నుంచీ ఈ ఫోటో ఆ పిల్లకి రహస్యంగా సొంతమైంది. ఎవరూ లేనప్పుడు వచ్చి ఆ వంగిన మనిషిని చూసుకునేది. ఈవిడ కూడా ఇలాగే ఉండేదన్నమాట, తర్వాత అంత గొంతు వచ్చిందన్నమాట, అంటే నాకూ వస్తుందన్నమాట. ఒకసారి ధైర్యం చేసి నాయనమ్మనే అడిగింది, "నీకు అప్పుడు నిజంగా సిగ్గేసిందా?" నాయనమ్మ బట్టలు ఆరేస్తోంది, నోట్లో క్లిప్పు ఉంది, క్లిప్పు తీసి మరీ నవ్వింది. నవ్వి, "మీ తాతని అడుగు," అంది. తాతయ్యని అడిగితే నాడాల సంగతి చెప్పాడు.

చివరి రోజుల్లో అందరూ నాయనమ్మ తల దగ్గర కూర్చునేవాళ్ళు. నీళ్ళు తాగించేవాళ్ళు, జుట్టు సవరించేవాళ్ళు, ఏదో ఒకటి చెవి దగ్గర చెప్పేవాళ్ళు. తాతయ్య కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. పదకొండు రోజులూ అక్కడే. అరిపాదం చేతిలో పెట్టుకుని బొటనవేలితో రాస్తూ ఉండేవాడు. "ఒక్కసారి ఇటొచ్చి మొహం చూడు నాన్నా," అని అత్త ఏడిచింది కూడా. ఆయన లేవలేదు. దానికి తోడు చెప్పుల గొడవ ఒకటి. జబ్బు పడక ముందు కొన్న కొత్త చెప్పులు, ఇంకా కాలికే తొడగలేదు, ఆవిడ ఇక మంచం దిగలేదని తెలిశాక కూడా తాతయ్య ఒక పూట వాటిని తీసి కుడి చెప్పు పట్టీ దగ్గర మేకు కొట్టి, మంచం కింద జతగా పెట్టాడు. అదొక అలవాటు ఆయనకి. నాయనమ్మ కొత్త చెప్పులు కొన్న ప్రతిసారీ, బాగున్నా సరే, తెగకపోయినా సరే, కుడిదానికి ఒక నాడా మేకు కొట్టాకే తొడగనిచ్చేవాడు. నలభై ఏళ్ళు సుత్తి పట్టిన చెయ్యి, అడుగు కనిపిస్తే మేకు కొట్టకుండా ఊరుకోలేదు పాపం, అనుకునేవాళ్ళందరూ. నాయనమ్మ నడిస్తే ఒక కాలు చప్పుడు లేకుండా, ఒక కాలు టిక్కుమంటూ పడేది. వీధి మలుపులోనే తెలిసిపోయేది వస్తోందని. "నాది నాడా పడ్డ కాలే, ఎంత దూరమైనా పోతా," అనేది. లేవలేని మనిషికి చెప్పులెందుకు, ఆ మేకెందుకు అని అత్త కసురుకుంటే, మంచం మీంచి నాయనమ్మ, అప్పటికి ఆవిడ గొంతు గాలిలా అయిపోయింది, "ఉండనీవే," అంది.

మచ్చ లేదు. ఆ పిల్ల కళ్ళు నులుముకుని మళ్ళీ చూసింది. తెల్లగా పొడిబారి ఉన్న మచ్చ నీళ్ళు ఇంకాక అద్దంలా తేలిపోయింది, కింద నలుపు కనిపిస్తోంది. భూతద్దం దగ్గరగా పెట్టింది, దూరంగా జరిపింది, బొమ్మ నీళ్ళలో ఊగింది, నిలబడింది. అది జుట్టు. నున్నగా దువ్విన జుట్టు, మధ్యలో పాపిడి, వెనక ముడి. ముక్కు లేదు, చెంప లేదు. తల నేల వైపు అంతగా వంగి ఉంది. నాన్నా, ఇక్కడ మొహం లేదు నాన్నా. తవ్వినా లేదు. సిగ్గుపడితే ఇంత వంగుతారా? తను ఎన్నోసార్లు సిగ్గుపడింది, గడ్డం మెడకి తగిలేంత వంగింది గానీ నడుం విరిగేంత ఎప్పుడూ వంగలేదు. భూతద్దం కిందికి జారింది. ఒక చెయ్యి రాతి మీద ఉంది, సరే. రెండో చేతిలో ఏదో ఉంది. సంచీ అనుకునేవాళ్ళందరూ. సంచీ కాదు. చెప్పు. పట్టీ ఊడి వేలాడుతున్న చెప్పు. ఇంకా కిందికి వెళితే పాదాలు రెండు ఉండాలి, ఒకటే ఉంది నేల మీద. రెండోది, కుడిది, మోకాలి దగ్గర మడిచి ఎత్తిపట్టుకుని ఉంది, చెప్పు లేకుండా, అరికాలు కెమెరా వైపు తిప్పి. దాని పైన, సూటిగా పైన, గుర్రం అదే వైపు కాలు, అదే మడత, అదే ఎత్తు, బోడి గిట్ట కెమెరా వైపు తిప్పి.

అయ్యో. ఇద్దరూ కాలెత్తి నిలబడ్డారు. పని దొరకని ఊళ్ళో, పట్నం నడిమధ్యన, చెప్పు తెగిన పెళ్ళాం ఒక కాలి మీద నిలబడితే, పైన నాడా లేని కంచు గుర్రం కూడా కాలెత్తి నిలబడింది, నా వంతు ఎప్పుడు అన్నట్టు. ఆ నవ్వు ఇంకెవరికి వస్తుంది? తాతయ్యకి తప్ప ఇంకెవరికి కనిపిస్తుంది? దొర మొహంతో ఆయనకేం పని. వెనక్కి జరిగి, రెండు కాళ్ళూ పట్టేదాకా జరిగి, అప్పుడు నొక్కాడు. నొక్కాక చొక్కా జేబులోంచి, ఆయన జేబులో ఎప్పుడూ మేకులుండేవి, ఒక మేకు తీసి, అక్కడే ఏదో రాయి పట్టుకుని, ఎత్తు బంగారం, అని ఉంటాడా? అని ఉంటాడు. అంత మెత్తగా ఆయన ఎవరితోనూ మాట్లాడలేదని ఎవరన్నారు? నాయనమ్మ టిక్కు టిక్కుమంటూ రైలెక్కి ఉంటుంది. ఆ రోజు నుంచీ ఏ చెప్పులు కొన్నా కుడిదానికి ఒక మేకు, ఏటేటా ఆ పూటని గుర్తు చేసుకున్నట్టు, ఎవరికీ చెప్పకుండా, అందరి ముందే. క్లిప్పు తీసి మరీ నవ్విన నవ్వు అదన్నమాట. అంటే సిగ్గు కాదు. ఏ రోజూ నాయనమ్మ సిగ్గుపడలేదు. నాలాంటిది ఎప్పుడూ కాదు. ఆ పిల్లకి గుండెలో ఏదో చివుక్కుమంది, ఇన్నాళ్ళూ దాచుకున్నది ఎవరో చేతిలోంచి లాక్కున్నట్టు. మరి నాకు గొంతు ఎక్కడి నుంచి వస్తుంది?

"లేచిందా పాపా?" స్టూడియో ఆయన వచ్చేశాడు, వస్తూనే చేతులు తుడుచుకుని బ్లేడు కాగితం విప్పాడు. "అరె, తోక దగ్గర లేచి చాలాసేపైంది, కేకెయ్యమన్నానా?" వంగి, లేచిన అంచు కిందికి బ్లేడు దూర్చి, ఎంతో నేర్పుగా, చర్మం ఒలిచినట్టు ముందుకి తోశాడు. తోక కుచ్చు గాజు మీదే ఉండిపోయింది, దాని మీది కాగితం తెల్లగా పైకి వచ్చింది. "చెప్పానా, గుర్రం రాదు. పర్వాలేదు, ఇలా చకచకా వెళ్ళిపోతే అయిదు నిమిషాల్లో ఆవిడ దగ్గరికి చేరతాం." తోక తర్వాత వెనక కాళ్ళు. వెనక కాళ్ళ తర్వాత పొట్ట. పొట్ట తర్వాత. ఇంకో నిమిషం చూద్దాం. లేదు, ఆ నిమిషంలో పని ఆయన చేసేస్తాడు. బ్లేడు కదిలింది. అడగవే. ఎవరూ లేరు అడగడానికి. బస్సు స్టాపు దాటిపోతోంది.

"ఆపండి!"

ముందు గదిలో అప్పుడే ఏడుపు మొదలెట్టిన పసిపాప నోరు మూసింది. స్టూడియో ఆయన చెయ్యి గాల్లో ఉండిపోయింది. అది తన గొంతేనని తెలుసుకోవడానికి ఆ పిల్లకి కొంచెంసేపు పట్టింది, వీధి చివరి దాకా వినపడే గొంతు.

"ఏంటమ్మా, భయపెట్టేశావు! చెయ్యి తెగేది."

"తియ్యకండి బాబాయ్. గాజుతోనే ఉండనివ్వండి."

"మీ నాన్న మొహం కావాలన్నాడు కదే తల్లీ."

"మొహం లేదు. చూడండి." భూతద్దం ఇచ్చింది. ఆయన వంగి చాలాసేపు చూశాడు, అటూ ఇటూ తిప్పి చూశాడు.

"అవునే, ముడి కనిపిస్తోంది. అయ్యో రామ, ఇంతసేపూ ఉత్తినే నానబెట్టాం." కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసుకున్నాడు. "మరి మీ నాన్నకి ఏం చెప్పమంటావు? మనిషి ఏదీ అంటే?"

"ఇదిగో," అంది ఆ పిల్ల, నీళ్ళలో వేలు పెట్టి, ఎత్తిన పాదం మీద ఆనించి. "ఇది మా నాయనమ్మ. నేను చెప్తాను నాన్నకి."

నాన్న ఏమంటాడో తెలీదు. బాధపడతాడు. ఆయనకి కావలసిన మొహం ఇందులో లేదు, ఆ మాట తనే చెప్పాలి, తలూపితే సరిపోదు. కానీ కాలు చూపిస్తే, మేకు సంగతి చెప్తే, నాన్నకి కూడా ఆ టిక్కు టిక్కు వినిపిస్తుందేమో, మొహం నిలబడకపోయినా నడక నిలబడుతుందేమో. తాతయ్యకి మాత్రం ఏమీ చెప్పక్కర్లేదు.

స్టూడియో ఆయన గాజు పలకని నీళ్ళలోంచి తీసి మెత్తటి గుడ్డ మీద పెట్టి, చుట్టూ అద్దాడు. "తోక పోయింది, నా తప్పు కాదు," అన్నాడు రెండుసార్లు. "పర్వాలేదు," అంది ఆ పిల్ల. తోక ఎటూ తాతయ్య చూడడు. గోడ గడియారం నాలుగూ ముప్పై చూపిస్తోంది. ఆ పిల్ల గబుక్కున స్టూలు దిగింది, దిగగానే కుడికాలు లేదు. ఉంది గానీ తనది కాదు, మొత్తం చీమలు. పడబోయి గోడ పట్టుకుంది.

"ఏమైంది?"

"తిమ్మిరి," అంది, నవ్వొచ్చింది.

"నేల మీద ఆనించకు. కాస్త ఎత్తిపట్టుకో, అదే దిగుతుంది," అన్నాడాయన, గాజు పలక మీంచి కళ్ళు తియ్యకుండా. ఆ పిల్ల ఒక చెయ్యి గోడకి ఆనించి, తల వంచి, కాలు ఎత్తింది.